ఒక్కటి తప్ప

బౌదీలియో తెచేరాకు ఆ చివరి పని చేతకాకనా, చేయబుద్ధి కాకనా? ఆయన పోయి పదకొండేళ్లయింది. పాసో గార్సా ఊళ్లో ఈ ప్రశ్న ఇప్పటికీ తేలలేదు.

మూలపడ్డ పాతబండిని లేపి నడిపించడంలో ఉరుగ్వే మొత్తం మీద ఆయనకు సాటి లేరని ఆయన్ని తిట్టేవాళ్లు కూడా ఒప్పుకుంటారు. ఏటి బురదలో పద్నాలుగేళ్లు నానిన బండిని లేపాడు. బానెట్‌లోంచి అత్తిచెట్టు మొలిచిన బండిని లేపాడు, చెట్టుకు దెబ్బ తగలకుండా. కాని ప్రాణం పోసిన ప్రతి బండిలోనూ ఏదో ఒక్క లోపం వదిలేసేవాడు. తాళంచెవి యజమాని చేతిలో పెట్టి, ఉన్నిటోపీ కాస్త వెనక్కి తోసుకుని, "అంతా బాగుంది, ఒక్కటి తప్ప" అనేవాడు. ఊరు ఆయనకు ఆ పేరే ఖాయం చేసింది. పోస్టుమాన్ కూడా గేటు దగ్గర నిలబడి "ఒక్కటి తప్ప గారూ, ఉత్తరం" అని కేకేసేవాడు. ఆయన ఏమీ అనుకోకుండా వచ్చి తీసుకునేవాడు.

రొట్టెల ఒరోస్మాన్ వ్యాను సంగతి చూడండి. తొమ్మిదేళ్లు గడ్డివాములో పడున్న వ్యాను అది. బౌదీలియో దాన్ని గుర్రప్పిల్లలా చేసి ఇచ్చాడు. రివర్సు గేరు మాత్రం పడదు.

"వెనక్కి వెళ్లదా?"

"వెళ్లదు."

"మరి మెయిన్ రోడ్డు చివర తిప్పుకోవడం ఎట్లాగయ్యా? అక్కడ గోడ ఉంది."

"గోడకు ముందే ఎడమకు తిరుగు. ముందుకే పోతూ ఉండు. ఎప్పటికైనా ఇంటికే వస్తావు."

ఎడమకు తిరిగితే వచ్చేది పాత రైల్వే క్వార్టర్లు. రైలు ఆగిపోయాక అటు రొట్టెలు తీసుకెళ్లిన నాథుడు లేడు. ఒరోస్మాన్ రెండు నెలలు తిట్టుకుంటూ ఆ దారిన పోయాడు. మూడో నెల నుంచి రోజూ నలభై రొట్టెలు ఎక్కువ కాల్చడం మొదలుపెట్టాడు. తిట్టడం మాత్రం మానలేదు. అప్పటికి అలవాటైపోయింది.

వాల్కీరియా గారి కారు ఇంకో కథ. భర్త పోయాక ఆవిడ మూడేళ్లు గేటు దాటలేదు, ఆయన కారూ దాటలేదు. బౌదీలియో కారును దాటించాడు. డ్రైవరు వైపు తలుపు మాత్రం లోపలి నుంచి తెరుచుకోదు.

"కిటికీ దించి, చెయ్యి బయటపెట్టి తీసుకుంటాను," అంది ఆవిడ.

"కిటికీ దిగదమ్మా."

"అయితే అది రెండో లోపం కదా."

"కాదమ్మా. తలుపు ఒకటే. కిటికీ ఆ తలుపుదే. మొత్తం కలిపి ఒకటే లోపం."

రెండో పక్క నుంచి దిగడానికి ఆవిడ ఒళ్లు ఒప్పుకోదు. అందుకని మందుల షాపు ముందు కారు ఆపి రెండుసార్లు హారన్ కొట్టేది. ఎవరో ఒకరు వచ్చి తలుపు తీయాలి. తీసినవాళ్లు ఆవిడ మోకాళ్ల నొప్పి గురించి వినకుండా కదలడానికి వీల్లేదు. విన్నవాళ్లకు మర్యాద కోసమైనా తమ నొప్పులు చెప్పుకోక తప్పదు. అలా ఆరునెలల్లో వాల్కీరియా గారికి తెలియని నొప్పి ఊళ్లో లేకుండా పోయింది.

పశువుల డాక్టరు జీపుకైతే వైపరు వాన లేనప్పుడే ఆడేది.

ఇదంతా కావాలనే చేస్తాడని కొందరు, చేతకాకే చేస్తాడని కొందరు. మందుల షాపు ముందు దీని మీద గంటలకొద్దీ వాదనలు. చేతకాదనే పక్షానికి బలమైన సాక్ష్యం ఒకటుండేది. బౌదీలియో సొంత సైకిలుకే బ్రేకులు లేవు. వేడినీళ్ల ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, ఒంటిచేత్తో తొక్కుతూ, ఆగాల్సి వస్తే బూటు అడుగు నేలకేసి రాసేవాడు. తన సైకిలునే బాగుచేసుకోలేనివాడు ఊరివాళ్ల బండ్లలో తెలివిగా లోపాలు పెడతాడా అని షాపాయన ప్రశ్న.

నిబియా టీచరమ్మ చేతకాదనే పక్షం. ముప్పైనాలుగేళ్లు పిల్లల లెక్కలు దిద్దిన మనిషి. సగం లెక్క చేసి తెలివి చూపించానన్నవాణ్ణి ఆవిడ ఒక్కణ్ణీ నమ్మలేదు. అయినా ఆ ఏడు జూలైలో ఆయనకే కబురు పెట్టింది. ఆవిడ కొట్టంలో ఇరవై రెండేళ్లుగా ఒక బండి ఉంది. బండి ఆవిడది కాదు.

తండ్రి సతుర్నీనో పోయేముందు నోటరీని పిలిచి, బండి కొడుక్కి, కొట్టం కూతురికి అని రాయించాడు. బండి కొట్టంలో ఉందన్న సంగతి ఆయనకూ తట్టలేదు, నోటరీకీ తట్టలేదు. తండ్రిని మట్టి చేసిన మర్నాడు దొంగల భయంతో నిబియా కొట్టానికి కొత్త తాళం వేసింది. ఆ సాయంత్రం అన్న లీబెర్ వచ్చి తాళం చూశాడు.

"తాళం తియ్యి," అన్నాడు.

"అడిగే పద్ధతి ఇది కాదు," అంది ఆవిడ.

"నా బండిని నేను అడగాలా?"

అంతే జరిగింది. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, తిట్టలేదు. ఇరవై రెండేళ్లు మాత్రం గడిచిపోయాయి. ఇద్దరి ఇళ్లకూ మధ్య ఉన్నది ఒక తీగకంచె. ఆవిడ అతన్ని "ఆ మనిషి" అనేది. అతను ఆవిడను "కొట్టం యజమానురాలు" అనేవాడు. క్రిస్మస్‌కు ఇద్దరూ వేరువేరుగా, కంచెకు అటూ ఇటూ, ఒకే రకం మాంసం కాల్చుకునేవాళ్లు. పొగ మాత్రం కలిసేది.

ఇప్పుడు కొట్టం దూలాలు చెదపట్టాయి. వడ్రంగి వచ్చి, వేలితో దూలాన్ని గుచ్చి, వేలు లోపలికి పోతే బయటికి లాక్కుని, "సాంత రోస దాకా ఉంటే గొప్పే" అన్నాడు. ఆగస్టు నెలాఖరున ఆ పేరుగల సాధ్వి పండగకు అటూ ఇటూ వచ్చే గాలివాన అది. ఒక ఏడు రెండ్రోజులు ముందొస్తుంది, ఒక ఏడు రెండ్రోజులు ఆలస్యమవుతుంది. రాకుండా ఉండటం ఎవరూ చూడలేదు.

కొట్టం పోతే నిబియాకు బాధ లేదు. నాన్న బండి దాని కింద నలిగిపోతే బాధ. ఆదివారాలు ఆ బండి వెనకసీట్లో అన్నాచెల్లెళ్లు కిటికీ కోసం కొట్టుకుంటూ ఏటికి పోయినవాళ్లే. అదీగాక, నలిగిపోయాక ఆ మనిషి బతికినంతకాలం "నాన్న బండిని చంపింది" అంటాడు. అందులో అబద్ధం కూడా ఉండదు. అదే ఆవిడను నిద్రపోనివ్వలేదు.

బౌదీలియో వచ్చి కొట్టం తలుపు తెరిపించాడు. 1929 నాటి నల్లటి బండి. నాలుగు చక్రాలూ మట్టిలో దిగబడి ఉన్నాయి. దీపాల్లో ఒకదాంట్లో కందిరీగల తుట్టె. సీటు దూదంతా ఎలుకలు పెళ్లిళ్లకు వాడుకున్నాయి. వెనకసీట్లో కోడి కూర్చుంది. ఆయన ఒక ముక్కాలిపీట అడిగి పుచ్చుకుని, బండి పక్కన వేసుకుని, ఫ్లాస్కులో నీళ్లు సొరబుర్రలో పోసుకుని, చేదు మాతే ఆకు టీ పీలుస్తూ సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నారు?" అంది నిబియా.

"పరిచయం చేసుకుంటున్నా."

"పరిచయం ఎందుకు? ట్రాక్టరు కట్టి బయటికి లాగేస్తే చాలు నాకు."

"లాగితే ఇరుసులు ఊడి చేతికొస్తాయి టీచరమ్మా. అయినా ఇంజను ఉన్న బండిని శవంలా ఈడ్చుకుపోవడమేంటి? దాని కాళ్ల మీద అదే బయటికొస్తుంది."

మర్నాడు మొదటి గొడవ కోడి దగ్గర వచ్చింది.

"దాన్ని దించేయండి," అంది నిబియా.

"పొదుగుతోంది."

"కోడి నాది. నేనే దించమంటున్నా."

"కోడి మీదే. సీటు లీబెర్ గారిది. ఆ సీట్లో పెట్టిన గుడ్లు ఎవరివో నోటరీని అడగాలి."

"మీరు ఆ పేరు ఈ కొట్టంలో ఎత్తొద్దు."

"సరే. కోడిని మాత్రం దించను. ఇరవై ఒక్క రోజులు. ఈలోపు నాకు ముందువైపు పని చాలా ఉంది."

ఉన్నమాటే. ఇంజను రాయిలా పట్టేసి ఉంది. నాలుగు సిలిండర్లలోనూ కిరోసిన్ కలిపిన నూనె పోసి నానబెట్టాడు. రోజూ సాయంత్రం నాలుగింటికి బండి ముందువైపు హ్యాండిలు తగిలించి, పాపాయి చెయ్యి పట్టుకున్నంత మెల్లగా నొక్కి చూసేవాడు. కదిలేది కాదు.

"ఇవాళ ఇష్టం లేదంటోంది," అనేవాడు.

"ఎప్పుడు ఇష్టమవుతుందట?"

"పట్టేసి ఎన్నేళ్లయింది?"

"ఇరవై రెండు."

"పదిహేను రోజులు టైమివ్వండి దానికి. ఎక్కువేం అడగట్లేదు కదా."

పదిహేడో రోజు హ్యాండిలు వేలెడు కదిలింది. బౌదీలియో కేక పెట్టలేదు. టోపీ తీసి, నెత్తి గోక్కుని, మళ్లీ పెట్టుకున్నాడు. నిబియా గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఎందుకో ఆవిడకు బళ్లో మొద్దబ్బాయి ఎక్కం అప్పజెప్పినట్టు సంతోషం వేసింది. అది ఆయనకు కనబడకుండా లోపలికి వెళ్లి గిన్నెలు కడిగింది.

తరవాత పెట్రోలు ట్యాంకు. లోపల మిగిలిన పెట్రోలు జిగురై గోడలకు పట్టేసింది. ట్యాంకులో గులకరాళ్లు, కిరోసిన్ పోసి మూత బిగించి, ఆయన ఒక చివరా ఆవిడ ఒక చివరా పట్టుకుని పెరడంతా దొర్లించారు. ఆ చప్పుడు రెండు వీధుల దాకా వినబడింది. కంచె అవతల కిటికీకి తెర కదిలింది.

"మనల్నే చూస్తున్నాడు," అంది నిబియా.

"ఎవరు?"

"ఆ మనిషి."

"పేరు ఎత్తొద్దన్నారని అడిగాను," అన్నాడు బౌదీలియో.

ఇంకో చిక్కు. బండి తాళంచెవి లీబెర్ దగ్గరుంది. ఆ సంగతి నిబియాకూ బౌదీలియోకూ తెలుసు, ఇద్దరూ అనలేదు. ఒక ఉదయం బౌదీలియో తాళంచెవి జేబులోంచి తీశాడు.

"ఎక్కడిది?"

"కంచె గుంజ మీద ఉంది."

"అక్కడికెలా వచ్చింది?"

"నడిచి రాలేదు."

కోడి పదకొండు పిల్లల్ని దించి, తన దారిన తాను సీటు ఖాళీ చేసింది. ఆగస్టు ఇరవై తొమ్మిదిన పొద్దున్నే గాలి ఉత్తరం నుంచి వేడిగా వీచింది. మధ్యాహ్నానికి ఆకాశం దక్షిణం వైపు గచ్చకాయ రంగుకు తిరిగింది. ఊళ్లో మగాళ్లంతా ఈనిన గొర్రెలను తోలుకురావడానికి పొలాలకు పోయారు. కొట్టం పైన రేకులు మూలగడం మొదలుపెట్టాయి. బౌదీలియో చేతులు గుడ్డకు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. టోపీ వెనక్కి తోసుకున్నాడు.

నిబియా చెయ్యి అడ్డం పెట్టింది. "అనకండి," అంది.

"అంతా బాగుంది," అన్నాడు, "ఒక్కటి తప్ప."

బటన్ నొక్కితే లేపే మోటారును ఎలుకలు ఎప్పుడో తినేశాయి, అది లోపం కింద లెక్క కాదు. హ్యాండిలు కొడితే లేస్తుంది. లోపం స్టీరింగు కింద ఉంది. అక్కడ చిన్న లివరు ఒకటుంది. హ్యాండిలు కొట్టేటప్పుడు అది పైకి ఉండాలి. కాని నిలబడటం లేదు, కిందికి జారిపోతోంది.

"జారితే ఏమవుతుంది?"

"హ్యాండిలు ఎదురు తంతుంది. తంతే కొట్టేవాడి మణికట్టు విరుగుతుంది. అందుకని ఒకరు సీట్లో కూర్చుని లివరు పైకి పట్టుకోవాలి. ఒకరు ముందు హ్యాండిలు కొట్టాలి."

"తాడుతో కట్టేద్దాం."

"ఇంజను లేచిన మరుక్షణం కిందికి దించాలి టీచరమ్మా. తాడుకు ఆ సంగతి తెలీదు."

"అయితే నేను పట్టుకుంటా. మీరు కొట్టండి."

ఆయన కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. భుజం దగ్గరే ఆగిపోయింది. "దీని సత్తువ రైల్వే వర్క్‌షాపులోనే వదిలేసి వచ్చా," అన్నాడు.

అప్పుడు ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి ఆవిడే హ్యాండిలు పట్టుకుంది. అరవై మూడేళ్ల మనిషి. రెండు చేతులతో, ఆ తరవాత ఒంటి బరువంతా వేసి లాగింది. హ్యాండిలు పావు చుట్టు తిరిగి, ఇక చాలు పొమ్మంది. పైన ఒక దూలం టప్‌మని పగిలింది.

"ఊళ్లో మగదిక్కు ఎవరూ లేరు," అంది రొప్పుతూ.

బౌదీలియో లివరు వంక చూస్తూ కూర్చున్నాడు. పేరు ఎత్తొద్దన్నారు కనక ఎత్తలేదు.

కంచె దాకా నలభై అడుగులు. నిబియా ముప్పై అడుగులు వేసేసరికి ఏమనాలో మూడు రకాలుగా వాక్యం కట్టుకుంది, మూడూ కొట్టేసింది. లీబెర్ గుమ్మంలోనే ఉన్నాడు. బూట్లు తొడుక్కునే ఉన్నాడు.

"నీ బండి," అంది ఆవిడ.

"నా బండికేమైంది?"

"నా కొట్టం దాని మీద పడబోతోంది."

"తాళం?"

"తీసే ఉంది. నెలన్నర నుంచీ."

"ఆ ముక్క నాకెవరు చెప్పారు?"

"నన్నెవరు అడిగారు?"

ఇంకో ఇరవై రెండేళ్లు అక్కడే మొదలయ్యేవి. కాని కొట్టం మీది రేకు ఒకటి ఊడి, గాల్లో రెండు గిరికీలు కొట్టి, కంచె మీద వాలింది. తీగలు తెగాయి. లీబెర్ తెగిన తీగలు దాటి పరుగెత్తాడు. అరవై ఆరేళ్లవాడు ఎంత పరుగెత్తగలడో అంత.

బౌదీలియో అప్పటికే సీటు ఖాళీ చేసి, బండి వెనకాల నిలబడ్డాడు. నిబియా ఎక్కి కూర్చుని లివరు పైకెత్తి పట్టుకుంది. లీబెర్ ముందుకు వంగి హ్యాండిలు తగిలించాడు. బానెట్ మీదుగా ఆవిడకు అతని నెత్తి మాత్రం కనబడుతోంది. బట్టతల ఎప్పుడొచ్చిందో ఆవిడకు తెలియదు.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

"గట్టిగా?"

"గట్టిగానే."

నెత్తి కిందికి పోయింది. మళ్లీ పైకొచ్చింది.

"వదిలితే నా చెయ్యి పోద్ది."

"తెలుసు."

"నీకు తెలుసు కాబట్టే నా భయం."

"అన్నయ్యా, కొట్టు," అంది నిబియా.

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియలేదు. లీబెర్‌కు తెలిసిందో లేదో, ఒక క్షణం ఆగి, కొట్టాడు. ఇంజను దగ్గింది. రెండోసారి తుమ్మింది. మూడోసారి ఊరికే ఉంది. నిబియా వేళ్లు తెల్లబడ్డాయి. లివరు జారాలని చూస్తోంది, ఆవిడ జారనివ్వడం లేదు. నాలుగోసారి బండి నిలువెల్లా వణికి, వెనక నుంచి ఎలుకగూడు ఒకటి ఫిరంగి గుండులా బయటికొచ్చి, ఇంజను అందుకుంది. పదకొండు కోడిపిల్లలూ పదకొండు దిక్కులకు పోయాయి.

"దించు, దించు," అని అరిచాడు లీబెర్.

దించింది. ఇంజను చప్పుడు కుదుటపడింది, అన్నం ఉడుకుతున్నట్టు. లీబెర్ ఆవిణ్ణి పక్కకు జరిపి స్టీరింగు పట్టాడు. వెనకనుంచి బౌదీలియో మంచిభుజంతో తోశాడు. చక్రాలు మట్టిలోంచి ఒక్కొక్కటే ఊడి, బండి తన కాళ్ల మీద తాను బయటికొచ్చింది. తెగిన కంచె దాటి, లీబెర్ ఇంటి రాతివసారా కిందికి చేరింది. వాన పడింది. కాసేపటికి వెనక పెద్ద చప్పుడయింది. ఇద్దరూ తల తిప్పి చూశారు. కొట్టం కప్పు నేల మీద ఉంది.

బండి దిగడం ఇద్దరికీ తోచలేదు. అద్దం మీద వాన కారుతోంది.

"వాన," అన్నాడు లీబెర్. "అమ్మ అయితే ఈపాటికి కొవ్వులో రొట్టెలు వేయించేది."

"పిండి మా ఇంట్లో ఉంది. కొవ్వు లేదు."

"కొవ్వు నా దగ్గరుంది."

లీబెర్ వంగి స్టీరింగు కింద తడిమి చూశాడు. లివరు ఎత్తాడు, వదిలాడు. జారింది. "దీనికి చిన్న స్ప్రింగు వేస్తే చాలు," అన్నాడు. "రెండు నిమిషాల పని. ముసలాడికి మతి తప్పినట్టుంది."

"రెండు నిమిషాల పని ఆయనకు తెలీదంటావా?"

"సైకిలుకే బ్రేకులు లేవు కదే ఆయనకు."

నిబియా కూడా చేతకాదనే పక్షమే. లివరు పట్టుకున్న వేళ్లు ఇంకా తిమ్మిరిగానే ఉన్నాయి. వాల్కీరియా గారి తలుపు గుర్తొచ్చింది. ఒరోస్మాన్ వ్యానూ, రైల్వే క్వార్టర్లూ గుర్తొచ్చాయి. లెక్క కుదురుతున్నట్టే ఉంది. పశువుల డాక్టరు వైపరు మాత్రం ఎటు తిప్పినా అందులో ఇమడలేదు. ఒక్కటి ఇమడకపోతే అది లెక్క కాదని ముప్పైనాలుగేళ్లు పిల్లలకు చెప్పిన మనిషి ఆవిడ.

"వెయ్యి మరి స్ప్రింగు," అంది.

"నా దగ్గర లేదు."

"ఇనపసామాన్ల కొట్లో ఉంటుంది."

"ఇవాళ ఆదివారం. మూసుంటుంది."

"ఇవాళ గురువారం."

ఆ స్ప్రింగు ఆ గురువారమూ రాలేదు, తరవాతి గురువారాల్లోనూ రాలేదు. ఈ రోజుకీ ఆ బండి లేవాలంటే ఇద్దరు మనుషులు కావాలి, ఆ ఇద్దరూ ఏటికి పోయే దారి పొడుగునా దాని మీదే వాదించుకుంటారు.

ఆ గురువారం వసారా కింద నిబియాకు అప్పటికి బౌదీలియో గుర్తొచ్చాడు. పిలిచి రొట్టెలు తిని పొమ్మనాలని కిటికీలోంచి తల బయటికి పెట్టింది. కొట్టం దగ్గర ఎవరూ లేరు. గేటు తెరిచి ఉంది. వానలో, దూరంగా, ఉన్నిటోపీ, చంకలో ఫ్లాస్కు. రోడ్డు మలుపు దగ్గర కుడికాలు నేలకు దిగి బురదలో పొడుగ్గా గీత గీసింది. సైకిలు మలుపు తిరిగింది. ఆయన వెనక్కి చూడలేదు.